రొయ్యల గుంటా, 12 ఫ్రేములూ: పాత ఫ్లాష్ పాఠాలకి కొత్త టైమ్‌లైన్ కడతా ఉన్నా

మార్చి మొదట్లో

ముందు సంగతేందో చెప్పేసి పనిలోకి పోతా. 2000ల నడుమ నెల్లూరులో ఒక చిన్న మల్టీమీడియా ఆఫీసులో ఉన్నప్పుడు స్కూళ్ళకి సీడీల్లో వేసి ఇచ్చే పాఠాలు ఫ్లాష్ అని బొమ్మలు కదిలించే సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్ళం. రొయ్య గుడ్డు నుంచి ఎట్టా పెరుగుద్ది, గుంటలో ఆక్సిజన్ రాత్రిపూట ఎందుకు పడిపోద్ది, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్ ఏం చేస్తది, ఇట్టాంటివి. ఆ ఆఫీసు మూతబడి శానా కాలమైంది, మార్చుకునేందుకు వీలుండే అసలు ఎఫ్‌ఎల్‌ఏ ఫైళ్ళు ఏ హార్డ్ డిస్కుతో యాడికి పొయ్యాయో ఎవరికీ తెలీదు, మిగిలినవల్లా సీడీలో ఉన్న ఎస్‌డబ్ల్యూఎఫ్‌లే, అంటే ఆడించడానికి తయారుచేసిన ఫైళ్ళే.

ఫ్లాష్ ప్లేయర్‌కి అడోబీ 2020 డిసెంబరు 31తో సపోర్ట్ ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే కంటెంటుని ఆడనీకుండా అడ్డం పెట్టేసింది. అయినా ఆడించుకోవడం ఇప్పుడు సమస్యే కాదు, రఫుల్ అని రస్ట్ భాషలో రాసిన ఎమ్యులేటర్ ఉంది, అంటే ఫ్లాష్ ప్లేయర్ పని తానే చేసే ప్రోగ్రాం, వెబ్‌అసెంబ్లీగా బ్రౌజర్‌లోనే నడుస్తది, మా సీడీ ఫైల్ అందులో వేస్తే శబ్దంతో సహా చక్కగా ఆడింది. కానీ నాకు కావాల్సింది ఆడించడం కాదు, మార్చడం. ఎందుకంటే అందులో ఉండేది టైగర్ రొయ్య, ఒంటినిండా చారలతో. 2009లో వనామీ అనే తెల్ల రొయ్య రకానికి పర్మిషన్ వచ్చినాక ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల్లో టైగర్ పక్కకి పోయి వనామీ వచ్చేసింది, ఇప్పటి పిల్లోడికి ఆ చారల రొయ్యని చూపిస్తే ఇది మా గుంటలోది కాదు సార్ అంటాడు, అనడమేంది, మా బావ గుంటల పక్కన ఉండే స్కూల్లో సైన్స్ సారు చూపిస్తే నిజంగానే అన్నారంట.

జేపెక్స్ అని ఒక డీకంపైలర్ ఉంది, మంచిది, ఎస్‌డబ్ల్యూఎఫ్‌ని తెరిచి ఎఫ్‌ఎల్‌ఏగా కూడా బయటికి తీసి ఇస్తది. కానీ ఆ ఎఫ్‌ఎల్‌ఏని తెరవాలంటే మళ్ళీ అడోబీ యానిమేట్ కావాల, దానికి చందా కట్టాల. సారు దగ్గర ఉండేది ఒక ఫోనూ, ల్యాబులో రెండు మూడు పాత డెస్క్‌టాపులూ. కాబట్టి నేను కట్టదలుచుకుంది ఇది: బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక పేజీ, దాంట్లోకి పాత ఎస్‌డబ్ల్యూఎఫ్ పడేస్తే బొమ్మలు విడివిడిగా, లేయర్లుగా, టైమ్‌లైన్ అంటే ఫ్రేములన్నీ వరసగా గడులుగా ఉండే పట్టీ మీదకి రావాల, రంగు మార్చుకోవచ్చు, కదలిక మార్చుకోవచ్చు, చివరికి ఒకటే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా బయటికి వచ్చుద్ది, నెట్ లేకపోయినా ఆడుద్ది.

అదే వారం, రాత్రిళ్ళు

ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైల్ లోపలికి తొంగి చూస్తే భలే పొదుపుగా ఉంటది. మోడెమ్ కాలం సరుకు గదా, ఒక్క బిట్టు కూడా వేస్టు చెయ్యలా. మొదటి మూడు అక్షరాలు చూస్తే ఏ రకమో తెలిసిపోద్ది: ఎఫ్‌డబ్ల్యూఎస్ అంటే కుదించనిది, సీడబ్ల్యూఎస్ అంటే జెడ్‌లిబ్‌తో కుదించింది, జెడ్‌డబ్ల్యూఎస్ అంటే ఎల్‌జెడ్‌ఎంఏతో. మావన్నీ సీడబ్ల్యూఎస్‌లే. దీనికి ఏదో ఒక లైబ్రరీ వెతుక్కోవాలేమో అనుకుంటా ఉంటే ఇప్పటి బ్రౌజర్లలో డీకంప్రెషన్ స్ట్రీమ్ అని సొంతంగానే ఉంది, దానికి డిఫ్లేట్ అని చెప్తే జెడ్‌లిబ్‌ని విప్పేస్తది. మొదటి ఎనిమిది బైట్లు పక్కన పెట్టి మిగతాది దాంట్లోకి తోసేస్తే సరిపోయింది, ఒక్క లైబ్రరీ కూడా లేదు. పాత సరుకు విప్పడానికి కొత్త బ్రౌజరే అన్నీ ఇస్తా ఉందని నవ్వొచ్చింది.

దాని తర్వాత అంతా ట్యాగులే, ఒకదాని వెనక ఒకటి. ఒక్కో ట్యాగుకి ముందు 16 బిట్లు, పైన 10 బిట్లు అదేం ట్యాగో, కింద 6 బిట్లు దాని పొడవు, ఆ పొడవు 63 అని ఉంటే మాత్రం అసలు పొడవు తర్వాతి 32 బిట్లలో ఉంటది. ఒకటో నంబరు ట్యాగు అంటే ఈ ఫ్రేము అయిపోయింది చూపించు అని. 26 అంటే ఫలానా బొమ్మని ఫలానా లోతులో పెట్టు అని. 39 అంటే మూవీ క్లిప్పు, దాంట్లో మళ్ళీ సొంత ట్యాగులు. కొలతలేమో పిక్సెళ్ళలో కాదు ట్విప్పుల్లో, అంటే పిక్సెల్‌లో 20వ వంతు. ఫ్లాష్ డిఫాల్ట్ స్టేజి 550 బై 400 గదా, ఫైల్లో చూస్తే 11000 బై 8000 అని కనపడుద్ది. బైట్లు వెనక నుంచి ముందుకి చదవాల, బిట్లేమో ముందు నుంచి వెనక్కి. ఈ రెండూ ఒకే ఫైల్లో ఉంటాయని మైండులో పెట్టుకుంటే మిగతాది సాఫీగా పోద్ది, బిట్ రీడర్ ఒక్కటి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసుకుంటే చాలు.

ఉగాది అయినాక

షేపులు. ఈ పని మొత్తంలో ఎక్కువ కాలం తిన్నది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తా.

బ్రౌజర్‌లో బొమ్మలు గీసే ఎస్‌వీజీలో గానీ క్యాన్వాస్‌లో గానీ మనం బొమ్మ గీస్తే ఒక్కో రంగుకి ఒక మూసిన గీత ఉంటది, దాని లోపల రంగు నింపుతాం. ఫ్లాష్‌లో అట్టా కాదు. ప్రతి గీతకీ రెండు పక్కలుంటాయి, ఎడమ పక్క ఏ రంగు, కుడి పక్క ఏ రంగు అని రాసి పెట్టుకుంటది. రొయ్యల గుంటల మధ్య గట్టు లాగా అన్నమాట: గట్టు ఒకటే, ఇటు నా గుంట, అటు పక్కోడి గుంట, గట్టుని రెండుసార్లు పొయ్యరు గదా. ఫైలు సైజు తగ్గాలన్నా, రెండు రంగుల మధ్య సన్న తెల్ల చీలిక కనపడకూడదన్నా ఇది చాలా తెలివైన పద్ధతి. కానీ దాన్ని ఎస్‌వీజీ చెయ్యాలంటే నువ్వు ఒక్కో రంగు తీసుకుని, ఆ రంగు కుడి పక్కన ఉండే గీతలన్నీ పోగుచేసి, ఎడమ పక్కన ఉండేవాటిని తిరగేసి, వాటి చివర్లు వీటి మొదళ్ళకి కలుపుకుంటా పోయి మూసిన దారులు కట్టుకోవాల. ఒక్క ముక్క కలవకపోయినా రంగు స్టేజీ అంతా పారుద్ది. రొయ్య మీసం దగ్గర నారింజ రంగు మొత్తం నీళ్ళలోకి పారిన స్క్రీన్‌షాట్ ఒకటి దాచుకున్నా, సరదాగా ఉంది చూడ్డానికి.

కలపడానికి చివరి బిందువు ఎక్స్, వైలని కలిపి ఒక తాళం లాగా చేసి మ్యాపులో పెట్టుకున్నా. ట్విప్పులు పూర్తి అంకెలు కాబట్టి ఇక్కడ దశాంశాల గోల లేదు, సరిగ్గా సరిపోయాయా లేదా అంతే. పిక్సెళ్ళలోకి మార్చడం చివరాఖరికి చేస్తేనే ఈ సుఖం, ముందే 20తో భాగిస్తే పోద్ది. వంపులన్నీ క్వాడ్రాటిక్ బెజియర్లే, అంటే ఒక్కో వంపుకి ఒకటే కంట్రోల్ పాయింటు, ఎస్‌వీజీలోనూ క్యాన్వాస్‌లోనూ దానికి నేరుగా కమాండ్ ఉంది, లెక్క మార్చే పని లేదు.

వారం చివర్లో రొయ్య మొత్తం, తల, మీసాలు, కాళ్ళు, తోక, విడివిడిగా స్క్రీన్ మీదకి వచ్చాయి. చారల లేయర్‌కి పక్కన కన్ను గుర్తు నొక్కితే చారలు పొయ్యాయి, ఒంటి రంగుని బూడిద కలిసిన తెలుపు చేశా, వనామీ రెడీ. మా బావకి వీడియో కాల్‌లో చూపిస్తే, "బానే ఉంది గానీ బావా, ఆ కాళ్ళు ఎర్రగా ఉండాయే, ఎర్రకాళ్ళ రొయ్యని చూపిస్తే రోగమొచ్చిందనుకుంటారు, మార్చు" అన్నాడు. మార్చా. చూశారా, ఇదే నాకు కావాల్సింది, చెప్పినాక అర నిమిషంలో మారాల.

ఏప్రిల్

కదలిక. మనం చేత్తో పెట్టిన రెండు ఫ్రేముల (కీఫ్రేముల) మధ్య కదలికని సాఫ్ట్‌వేరే నింపేది మోషన్ ట్వీన్, ఎస్‌డబ్ల్యూఎఫ్‌లో అది ఉండదు. మనం ఫ్లాష్‌లో ఇక్కడ ఒక కీఫ్రేము, అక్కడ ఒక కీఫ్రేము పెట్టి మధ్యలో మోషన్ ట్వీన్ అన్నామంటే, పబ్లిష్ చేసేటప్పుడు అది మధ్యలో ప్రతి ఫ్రేముకీ ఒక్కో మాట్రిక్సుగా, అంటే బొమ్మ యాడుండాల, ఎంత తిరగాల, ఎంత సైజు అనే అంకెలుగా, అచ్చు గుద్దేస్తది, మన కీఫ్రేములు యాడున్నాయో మర్చిపోద్ది. ప్లేయర్‌కి వాటితో పని లేదు, నాకు మాత్రం అవే కావాల, లేకపోతే టైమ్‌లైన్ మీద ప్రతి గడీ ఒక కీఫ్రేమే, సారు ఏది పట్టుకుని లాగాల?

కాబట్టి వెనక్కి కనుక్కోవాల. ఒక్కో బొమ్మ మాట్రిక్సుని ఎక్స్, వై, తిరుగుడు, సైజు అని విడగొట్టి, ఒక్కోదాన్ని గ్రాఫు లాగా గీసి, ఆ గ్రాఫుని రామర్ డగ్లస్ ప్యూకర్ పద్ధతితో సింప్లిఫై చేశా. మ్యాపుల్లో తీరం గీతలు సింప్లిఫై చెయ్యడానికి వాడేది ఇదే, 1970ల మొదట్లోది: రెండు చివర్ల మధ్య తిన్నటి గీత వేసి, దానికి అన్నింటికన్నా దూరంగా ఉండే బిందువు చూసి, దూరం ఎక్కువైతే అక్కడ విరగ్గొట్టి మళ్ళీ అదే పని చెయ్యి. విరిగిన చోట్లే నా కీఫ్రేములు. ఈజింగ్, అంటే కదలిక నిదానంగా మొదలవడం లేదా ఆగడం, పెట్టిన చోట్ల ఇది నాలుగైదు ఎక్కువ కీఫ్రేములు పుట్టిస్తది, అప్పుడు ఆ ముక్కకి ఒక క్యూబిక్ బెజియర్ ఈజింగ్ కుదురుద్దేమో చూసి కుదిరితే రెండు చివర్లే ఉంచుతా. అన్నిసార్లూ కుదరదు, కుదరని చోట అట్టానే వదిలేశా, సారుకి ఆ తేడా పట్టదు.

తిరుగుడు దగ్గర ఒక గమ్మత్తు. ఏరియేటర్ చక్రానికి మేము 8 రెక్కలు గీశాం, అంటే 45 డిగ్రీలకొకటి. పాత పాఠం 12 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 12 ఫ్రేములు, ఫ్రేముకి 40 డిగ్రీలు తిప్పినట్టు ఫైల్లో ఉంది. 8 రెక్కల చక్రాన్ని 40 డిగ్రీలు ముందుకి తిప్పితే కంటికి 5 డిగ్రీలు వెనక్కి జరిగినట్టే కనపడుద్ది, అందుకని ఆ సీడీలో ఏరియేటర్ ఎప్పుడూ నిమ్మళంగా వెనక్కి తిరుగుతా ఉండేది, అప్పట్లో ఎవరూ అడగలా. ఇప్పుడు కీఫ్రేములు దొరికి మధ్యలో సెకనుకి 60 ఫ్రేముల లెక్కన నింపితే ఫ్రేముకి 8 డిగ్రీలు, చక్రం గిర్రున ముందుకి. సెకనుకి 480 డిగ్రీలు అంటే నిమిషానికి 80 చుట్లు, గుంటలో తిరిగే చక్రం కూడా సుమారుగా ఆ లెక్కలోనే ఉంటది. అయితే ఇది కుదరాలంటే కోణాన్ని సరిగ్గా విప్పుకోవాల, ఆర్క్ టాన్ ఇచ్చే కోణం 180 దాటగానే మైనస్ 180కి దూకుద్ది, ఆ దూకుడుని కనిపెట్టి 360 కలుపుకుంటా పోవాల, లేదంటే చక్రం ఒక చుట్టు ముందుకి ఒక చుట్టు వెనక్కి ఊగుతా ఉంటది.

ఏప్రిల్ చివర, కరెంటు ఉన్నప్పుడల్లా

ఇది నేను మొదటి నుంచీ అనుకుంటా ఉన్న మాట, ఇప్పుడు రాస్తా. ఫ్లాష్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ ట్వీన్లు, వెక్టర్లు అంటారు. నాకైతే దాని గొప్పతనం అది కాదు. బొమ్మ గీసేవాడే, ప్రోగ్రామింగు రానోడే, ఒక ఫ్రేము మీద క్లిక్ చేసి స్టాప్ అని రాసేవాడు. అంతే, సినిమా అక్కడ ఆగుద్ది. ఒక బటన్ గీసి దాని మీద గోటో అండ్ ప్లే అని రాస్తే అక్కడి నుంచి పోద్ది. బొమ్మా, కాలమూ, ఆదేశమూ మూడూ ఒకే గడిలో ఉండేవి. ఇప్పుడు వెబ్‌లో యానిమేషన్ టూల్స్ బ్రహ్మాండమైనవి ఉన్నాయి, లాటీ ఉంది, రైవ్ ఉంది, బ్రౌజర్‌లోనే వెబ్ యానిమేషన్స్ ఏపీఐ ఉంది, కానీ లాటీ ఫైల్ చేసిన ఆర్టిస్టు ఒకచోట, దాన్ని బటన్‌కి కట్టే ప్రోగ్రామర్ ఇంకోచోట. రైవ్‌లో స్టేట్ మెషీన్ ఉంది, ఏ స్థితి నుంచి ఏ స్థితికి పోవాలో గీసి చెప్పేది, అది గీసేవాడి చేతికే ఇచ్చారు, మంచిదే, కానీ గడులూ బాణాలూ చూసి సైన్స్ సారు భయపడ్డారు. గడిలో ఆగు అని రాయడం ఎవరికైనా అర్థమవుద్ది.

పాత ఫైళ్ళలో కోడ్ చూస్తే ఈ మాట నిజమే అనిపించింది. మా సీడీ పాఠాల్లో యాక్షన్‌స్క్రిప్ట్ (ఫ్లాష్ సొంత ప్రోగ్రామింగ్ భాష) బైట్‌కోడ్ తీసి చూస్తే దాదాపు అంతా నాలుగైదు ఆదేశాలే: హెక్స్‌లో 06 అంటే ప్లే, 07 అంటే స్టాప్, 81 అంటే ఫలానా ఫ్రేముకి పో, 8సీ అంటే ఫలానా లేబుల్‌కి పో. 80కి తక్కువుండే ఆదేశాలకి వెనక డేటా ఉండదు, 80, ఆ పైన ఉండేవాటికి పొడవు రాసి ఉంటది, కాబట్టి తెలియని ఆదేశం వచ్చినా దాని పొడవు చూసి దాటేసి పోవచ్చు. చిన్న చిన్న పాఠాలకి వర్చువల్ మెషీన్ మొత్తం రాయక్కర్లేదు, ఈ నాలుగూ చదివి నా టైమ్‌లైన్ గడిలో అక్షరాలుగా పెట్టేస్తే చాలు. పెద్దవి, వేరియబుల్సు, లూపులు ఉండేవి, రఫుల్‌లో ఆడుకోనీ, వాటి జోలికి పోను.

నా టూల్లో గడి మీద రాసే ఆదేశాలు తెలుగులోనే పెట్టా: ఆగు, సాగు, దూకు, చూపించు, దాచు. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ పేరు తెలుగు అక్షరాలతో పెట్టుకోవచ్చు, భాష ఒప్పుకుంటది, కానీ నేను మాత్రం సారు రాసింది నేరుగా నడపను, చిన్న పార్సర్ చదివి ఆ అయిదూ తప్ప ఇంకేం ఉన్నా ఎర్రగీత వేస్తది. స్కూల్ కంప్యూటర్లో ఎవరో పంపిన ఫైల్ తెరుస్తారు, దాంట్లో ఏం కోడ్ ఉందో ఎవరు చూడొచ్చారు.

మే, ఎండలు ముదిరినాక

అక్షరాలు. పాత పాఠాల్లో తెలుగంతా అను ఫాంట్లు. అవి యూనికోడ్, అంటే అన్ని లిపులకీ వేరే వేరే కోడ్లిచ్చే ఇప్పటి పద్ధతి, కావు, ఇంగ్లీషు అక్షరాల కోడ్లలో తెలుగు ముక్కలు కూర్చి పెట్టినవి. ఎస్‌డబ్ల్యూఎఫ్‌లో స్టాటిక్ టెక్స్ట్ అయితే గ్లిఫుల, అంటే అక్షరాల, ఆకారాలు ఫైల్లోనే ఉంటాయి కాబట్టి బొమ్మగా అచ్చంగా అప్పటిలాగే వచ్చేసింది, ఆ గుండ్రటి అను అక్షరాలు ఇన్నేళ్ళకి చూస్తే ఏందో బాగుంది. కానీ అది టెక్స్ట్ కాదు, మార్చలేం, వెతకలేం. చూసేవాళ్ళ కంప్యూటర్లో ఉండే ఫాంటు (డివైస్ ఫాంటు) మీద వదిలేసిన టెక్స్టు అయితే మరీ ఘోరం, కోడ్లు మాత్రమే ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త లాగా కనపడుద్ది. కోడ్ పట్టిక చూసి యూనికోడ్‌కి మార్చే ప్రోగ్రాం రాయొచ్చు, ఒత్తులు వెనకాముందూ సర్దాల, ఇన్ని కొద్దిపాటి మాటల కోసం అంత పనా అనిపించి హెడ్డింగులన్నీ చేత్తో మళ్ళీ టైపు చేసుకున్నా, లేబుళ్ళు బొమ్మలుగానే వదిలేశా.

కొత్తగా టైపు చేసినవాటికి సారు ఒకటి అడిగారు, అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తా ఉండాలంట, టైపు కొడతా ఉన్నట్టు. ఇంగ్లీషుకైతే రెండు లైన్ల పని. తెలుగుకి అట్టా విడగొడితే ఆక్సిజన్ అనే మాట 8 ముక్కలవుద్ది, ముందు క వచ్చుద్ది, దానికి పొల్లు వచ్చుద్ది, తర్వాత స రాగానే ఆ పొల్లు పోయి కింద గబుక్కున ఒత్తు పడుద్ది. చూడ్డానికి అసయ్యం. బ్రౌజర్లో ఇంటల్ సెగ్మెంటర్ అని ఉంది, గ్రాఫీములుగా, అంటే చదివేవాళ్ళకి ఒక్కో అక్షరంగా కనపడే ముక్కలుగా, విడగొట్టమంటే సరిగ్గా చేస్తది, కానీ దాంట్లో కూడా పాతవీ కొత్తవీ తేడా. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ లాంటి లిపుల సంయుక్తాక్షరాలు విరగకూడదని రూలు పెట్టారు. ఆ రూలు ఉండే బ్రౌజర్లో ఆక్సిజన్ నాలుగు ముక్కలు: ఆ, క్సి, జ, న్. లేని పాత బ్రౌజర్లో అయిదు, క్ వేరే, సి వేరే. ల్యాబులో డెస్క్‌టాపులు ఎప్పుడు అప్‌డేట్ చేశారో ఏమో, అందుకని సెగ్మెంటర్ ఇచ్చిన ముక్క చివర పొల్లు ఉండి, తర్వాతి ముక్క హల్లుతో మొదలైతే రెండూ అతికించే చిన్న ఫంక్షన్ పైన వేశా. ఇంకోటి, క్యాన్వాస్ మీద ముక్కలు విడివిడిగా గీయకూడదు, ప్రతిసారీ మొదటి నుంచి ఇప్పటిదాకా ఉండే మాటంతా ఒకే స్ట్రింగుగా గీయాల, అప్పుడే అక్షరాల మధ్య ఎడం సరిగ్గా పడుద్ది. ఫాంటు లోడ్ అయ్యేదాకా ఆగాల, లేకపోతే మొదటి ఫ్రేములు వేరే ఫాంటులో గీసి తర్వాత తటాల్న మారుద్ది.

రోహిణి కార్తెలో, ఫ్యాను కింద

ఫోను మీద ఆడించా. నా ల్యాప్‌టాపులో బాగా ఆడేది ఫోన్లో ముక్కలు ముక్కలుగా ఆడింది. కారణం క్యాన్వాస్ సైజు. ఫోను స్క్రీన్ 360 బై 800 అని చెప్తది గానీ డివైస్ పిక్సెల్ రేషియో 3, అంటే అసలు 1080 బై 2400. నీళ్ళు, బుడగలు, రొయ్యలు అన్నీ అంత పెద్ద క్యాన్వాస్ మీద ప్రతి ఫ్రేమూ గీస్తా ఉంటే చవక ఫోను ఏం చేస్తది పాపం. రేషియోని 2 దగ్గర కట్టేశా, గీయాల్సిన పిక్సెళ్ళు 9లో 4 వంతులకి పడిపోయాయి, కంటికి తేడా తెలీలా. కదలని గుంట గట్లూ ఆకాశమూ ఒక వేరే క్యాన్వాస్ మీద ఒకసారి గీసి వదిలేశా. షేపుల దారులు పాత్ ఆబ్జెక్టులుగా ఒకసారి కట్టి దాచుకున్నా.

కాలం విషయంలో ఒక నియమం పెట్టుకున్నా, ఫ్రేముల్ని లెక్కబెట్టకూడదు, గడియారాన్ని చూడాల. కొత్త ఫోన్లు 90, 120 హెర్ట్జ్, అంటే సెకనుకి అన్నిసార్లు స్క్రీన్ మారుద్ది, బ్రౌజర్‌లోని రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేము కూడా అన్నిసార్లు పిలుస్తది, ప్రతి పిలుపుకీ ఒక ఫ్రేము జరిపితే రొయ్య రెండింతలు స్పీడు. అందుకని బొమ్మ కదలిక గడియారం మీద, స్టాప్ లాంటి ఆదేశాలు మాత్రం పాత 12 ఫ్రేముల గడుల మీద. రెంటికీ మధ్య తేడా వచ్చే చోటు ఒకటుంది: ట్యాబు మార్చి వాట్సాప్ చూసుకుని తిరిగొస్తే అప్పటిదాకా ఆగిపోయిన పిలుపు ఒక్కసారిగా రెండు నిమిషాల తేడాతో వచ్చుద్ది, మధ్యలో ఉండే ఆగు గడిని దాటేసి పోద్ది. కాబట్టి తేడా ఎంతొచ్చినా సెకనులో పదో వంతుకి మించనీను, పైగా దాటే ప్రతి గడినీ ఒక్కోటిగా తొక్కుకుంటానే పోతా.

జూన్ మొదట్లో

శబ్దం త్వరగా అయిపోయింది. స్ట్రీమ్ సౌండు అంటే ఎంపీ3ని ఫ్రేము ఫ్రేముకీ ముక్కలు చేసి 19వ నంబరు ట్యాగుల్లో పెట్టి ఉంటది, ఒక్కో ముక్క మొదట్లో నాలుగు బైట్లు కొట్టేసి అన్నీ వరసగా అతికిస్తే మామూలు ఎంపీ3 ఫైలు. మా ఆఫీసులో చెప్పిన వాయిస్ ఓవరే, 12వ ఫ్రేము దగ్గర వెనకాల ఆటో హారన్ కూడా అట్టానే ఉంది. ఒకటే గుర్తుంచుకోవాల్సింది, యూజర్ నొక్కేదాకా బ్రౌజర్ ఆడియోని మొదలుపెట్టనీదు, అందుకని మొదటి ఫ్రేములో ఆగు పెట్టి ఒక పెద్ద బటన్ పెట్టా. ఆడియో నడిచేటప్పుడు బొమ్మ గడియారం కూడా ఆడియో గడియారమే, లేకపోతే పెదాలకీ మాటకీ పొత్తు కుదరదు.

అసలు ఆనందం స్లైడర్ దగ్గర. పాత పాఠంలో పగలూ రాత్రీ ఒక సినిమా లాగా ఆడేది అంతే. ఇప్పుడు గంటల స్లైడర్ పెట్టా, లాగితే సూర్యుడు కదులుద్ది, నీళ్ళ రంగు మారుద్ది, పక్కన ఆక్సిజన్ ముల్లు. వెనక లెక్క చిన్నదే: పగలు నీళ్ళలో నాచు వెలుతురుతో ఆక్సిజన్ చేస్తది, రాత్రీ పగలూ రొయ్యలూ నాచూ బురదా కలిసి తింటాయి, గాలికీ నీళ్ళకీ మధ్య ఎంత మారుద్ది అనేది నీళ్ళు పట్టగలిగే దానికి ఎంత దూరంలో ఉందో దాని మీద ఆధారపడుద్ది. ఏరియేటర్ ఆన్ చేస్తే ఆ మార్పు వేగం పెరుగుద్ది. ముల్లు తెల్లవారుజామున అన్నింటికన్నా కిందకి పోద్ది, 4 పీపీఎం (లీటరుకి సుమారు అన్ని మిల్లీగ్రాములు) కిందకి పోతే రొయ్యలు పైకి తేలేటట్టు చేశా.

బావ గుంట దగ్గరే కూర్చుని ఫోన్లో ఆడి, "ఏంది బావా, మధ్యాన్నం మూడింటికి ఏరియేటర్ ఏస్తే ఆక్సిజన్ తగ్గుతా ఉందే, నీ లెక్క తేడా కొట్టింది" అన్నాడు. తేడా కొట్టలా. మంచి ఎండలో నాచు ఎక్కువున్న గుంటలో ఆక్సిజన్ నీళ్ళు పట్టగలిగే దానికన్నా పైకి పోద్ది, 30 డిగ్రీల మంచినీళ్ళయితే ఆ హద్దు సుమారు 7.5 పీపీఎం, ఉప్పు పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. హద్దు పైన ఉన్నప్పుడు నీళ్ళని చిలికితే ఎక్కువుండేది గాల్లోకే పోద్ది. మరి రైతులు మధ్యాన్నం ఎందుకు తిప్పుతారంటే పైన వేడి నీళ్ళూ కింద నీళ్ళూ కలవడానికి, కింద బురద దగ్గరికి కూడా ఆక్సిజన్ పోవడానికి. బావ కాసేపు గమ్మునుండి, "అయితే గుంటని రెండు పొరలుగా చూపించు మరి" అన్నాడు. దాంతో ముల్లు రెండయ్యాయి, పైదొకటి కిందదొకటి, ఏరియేటర్ వేస్తే రెండూ దగ్గరికొస్తాయి. పాఠం చాలా బాగుపడింది, ఈ అయిడియా ఆయనదే.

స్లైడర్ వేలితో లాగేటప్పుడు పేజీ మొత్తం కిందకీ పైకీ జారకుండా టచ్ యాక్షన్ నన్ అనే సీఎస్‌ఎస్ సెట్టింగు ఆ పిడికి మాత్రమే పెట్టా, స్టేజి మొత్తానికి పెడితే అసలు పేజీనే కదలదు, ఇరుక్కుపోతారు. పాయింటర్ క్యాప్చర్ వాడితే వేలు పిడి దాటి పోయినా వదలదు. కదలికలు తగ్గించమని ఫోను సెట్టింగుల్లో పెట్టుకున్నోళ్ళకి బుడగలు ఆపేసి ముల్లూ రంగులూ మాత్రం మారేటట్టు చేశా.

జూన్, స్కూళ్ళు తెరిచినాక

సారు సొంతంగా ఒక పాఠం చేసుకొచ్చారు. నాప్లియస్, జోయా, మైసిస్, పోస్ట్ లార్వా, రొయ్య పిల్ల పెరిగే దశలవి, నాలుగు గడులు, నాలుగు చోట్లా ఆగు, కింద బటన్లకి దూకు. బొమ్మలు పిల్లలు కాగితం మీద గీసినవి, ఫోటో తీసి వేశారు. కదలికే లేదు దాంట్లో, అయినా నాకు అన్నింటికన్నా అదే నచ్చింది, టూల్ ఎవరి కోసం కట్టానో వాళ్ళ చేతికి పోయింది.

ఆయన చెప్పిన కంప్లైంట్లు: అన్‌డూ ఫోన్లో యాడుందో దొరకలేదు, ఫోటోలు వేస్తే ఎక్స్‌పోర్ట్ ఫైలు బరువైపోయింది, లేయర్ పేరు మార్చేటప్పుడు కీబోర్డు వచ్చి టైమ్‌లైన్‌ని కప్పేస్తా ఉంది. మూడూ న్యాయమే. ఫోటోల్ని స్టేజి సైజుకి కుదించి వెబ్‌పీగా, అంటే తక్కువ బరువుండే బొమ్మ ఫైలుగా, మార్చేది ఈ రాత్రే పెట్టేశా, అన్‌డూ బటన్ పెద్దది చేసి కింద ఎడమ పక్కన బొటనవేలికి అందేటట్టు పెట్టా. కీబోర్డు సంగతి కీబోర్డు పోగా ఎంత స్క్రీన్ మిగిలిందో చెప్పే విజువల్ వ్యూపోర్ట్ ఏపీఐ చూసి ఆదివారం పడతా. ఆ తర్వాత మాస్కులు, అంటే ఒక ఆకారం లోపలే బొమ్మ కనపడేటట్టు చేసేవి, వాటి హద్దు చెప్పే క్లిప్ డెప్త్ ఇంకా చదవడంలేదు నా టూలు, వలలో రొయ్యలు పట్టే సీన్లో వల బయట కూడా రొయ్యలు కనపడతా ఉండాయి.